కార్ సీట్ పేరుతో గుడ్డ ముక్క అంటగడుతున్నారు, జాగ్రత్త!

చిన్నపిల్లలున్న వాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. "పోర్టబుల్ చైల్డ్ కార్ సీట్" అని ఆన్‌లైన్‌లో ఒకటి తెగ అమ్ముతున్నారు. తొమ్మిది నెలల పాప నుంచి పన్నెండేళ్ల పిల్లల దాకా ఎవరికైనా సరిపోతుందట, రెండు నిమిషాల్లో బిగించేయొచ్చట. మా పాప కోసం తెప్పించాను. అట్టపెట్టె విప్పితే లోపల సీటే లేదు. మెత్తటి గుడ్డ, దానికి కుట్టిన బెల్టులు, అంతే.

వెనక గానీ పక్కల గానీ గట్టి ప్లాస్టిక్ అన్నదే లేదు. పాప తలకి ఏ ఆసరా లేదు. కారు సీట్ బెల్టు దీంట్లోంచి వెళ్లే దారి కూడా లేదు, సీటు వెనక చుట్టి క్లిప్ పెట్టే ఒక పట్టీయే ఆధారం. స్కూల్ బ్యాగులకి ఉంటుందే, అలాంటి క్లిప్. పాపని కూర్చోబెట్టే ముందు భుజం బెల్టు పట్టుకుని గట్టిగా లాగి చూశాను. బకిల్‌లోంచి జానెడు జారింది. ఇంకోసారి లాగితే కుట్టు దగ్గర దారం లేచి వచ్చింది. నా చేతి బలానికే ఇలా అయిపోతే ఇంకేం ఆపుతుంది?

గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నో గుద్దుకుని అర మీటరులో ఆగిందనుకోండి. ఆ క్షణంలో 10 కిలోల బిడ్డని పట్టి ఉంచాలంటే దాదాపు 200 కిలోల బరువుని ఆపినంత బలం కావాలి. ఒళ్లో పెట్టుకున్నా చేతులు ఆపలేనిది ఇందుకే. దగ్గరే కదా అని అనుకుంటాం గానీ, రోజూ స్కూలుకీ కూరగాయలకీ వెళ్లే దారిలోనూ ఆ వేగం మామూలే.

అమ్మినతన్ని నిలదీస్తే "సర్టిఫైడ్ మేడమ్" అంటూ ఒక కాగితం ఫొటో పంపాడు. చదివితే అది గుడ్డలో హానికరమైన రసాయనాలు లేవన్న రిపోర్టు! ప్రమాదంలో ఆగుతుందా లేదా అన్నదానికీ దానికీ సంబంధమే లేదు. మర్నాటికి అవే ఫొటోలు ఇంకో పేరుతో కనిపించాయి.

అందుకే కొనేముందు సీటుకి అంటించిన స్టిక్కర్ ఫొటో అడగండి. ఐక్యరాజ్యసమితి ప్రమాణంతో పరీక్షించిన సీటుకి సాధారణంగా నారింజ రంగు స్టిక్కర్, దాని మీద సున్నా లోపల ఇంగ్లిష్ "ఈ" అక్షరం, పక్కనే ఒక అంకె ఉంటాయి. కొత్త ప్రమాణమైతే ఆర్ 129 అని, పిల్లల ఎత్తు సెంటీమీటర్లలో రాసి ఉంటుంది. పాత ఆర్ 44 అయితే బరువు కిలోల్లో ఉంటుంది. అమెరికా సీట్లకి ఇది ఉండదు, అక్కడి ఫెడరల్ భద్రతా ప్రమాణాలకి సరిపోతుందన్న వాక్యం ఉంటుంది. ఇంకో గుర్తు చెప్తాను. ఆర్ 129 ప్రకారం 15 నెలలు దాటేదాకా బిడ్డ వెనక్కి తిరిగే కూర్చోవాలి. తొమ్మిది నెలలకే ముందుకి కూర్చోబెట్టమనే వస్తువుకి ఆర్ 129 స్టిక్కర్ రానే రాదు.

ఇప్పటికే కొనేసి ఉంటే రిటర్న్ కారణంలో "నచ్చలేదు" అని పెట్టకండి. సురక్షితం కాదని రాసి, బెల్టు జారుతున్న వీడియో జత చేయండి. నాకు అలాగే డబ్బులు వెనక్కి వచ్చాయి. వస్తువు మాత్రం తీసుకెళ్లలేదు. చెత్తలోంచి ఎవరైనా తీసి తమ పిల్లలకి వాడతారేమోనని బెల్టులన్నీ కత్తిరించి పారేశాను, మీరూ అలాగే చేయండి.