పుస్తకావిష్కరణ సభలో పుస్తకం కొంటున్నారా? కవర్ విప్పి చూడకుండా డబ్బులు కట్టకండి

పోయిన ఆదివారం తిరుపతిలో ఒక పాత నాయకుడి రాజకీయ జ్ఞాపకాల పుస్తకం ఆవిష్కరిస్తున్నారంటే మా నాయనను వెంటబెట్టుకుని వెళ్లాను. సభ బాగా జరిగింది, ఆ మాట ముందే చెప్పాలి. శాలువాలకే అరగంట పట్టింది. పుస్తకాల కట్టకు చుట్టిన రిబ్బను ముడి ఎంతకీ ఊడకపోతే ముందు వరసలోని పిల్లోడు స్టేజీ ఎక్కి పళ్లతో కొరికి విప్పాడు, హాలంతా ఒకటే నవ్వులు. తర్వాత ఉప్మా, కాఫీ.

బయట టేబుల్ మీద పుస్తకం 500 రూపాయలు, ప్లాస్టిక్ కవర్‌లో సీల్ చేసి ఉంది. విప్పి చూస్తానంటే "విప్పితే కొన్నట్టే సార్" అన్నాడు అక్కడి కుర్రాడు. ఫోన్‌పే కొడితే ఎవరో మనిషి పేరు వచ్చింది. బిల్లు అడిగితే సభల్లో బిల్లులు ఉండవన్నాడు.

ఇంటికొచ్చాక మా నాయన కళ్లద్దాలు పెట్టుకుని నేరుగా 114వ పేజీ వెతికారు. 1983 ఎన్నికల అధ్యాయం అది. ఎన్టీఆర్ తిరుపతిలో నిలబడి గెలిచిన ఎన్నిక, అప్పుడు మా నాయన రాత్రుళ్లు గోడల మీద రాతలు రాసిన కుర్రాళ్లలో ఒకరు. 112 తర్వాత పేజీ తిప్పితే మళ్లీ 97 వచ్చింది, అక్కడినుంచి 112 దాకా ముందు వచ్చిన పేజీలే, ఆ వెంటనే 129. ఆయన రెండుసార్లు వెనక్కీ ముందుకీ తిప్పి పుస్తకం మూసి పక్కన పెట్టేశారు. నాకు ప్రాణం ఉసూరుమంది.

ప్రెస్‌లో పనిచేసే మా బావమరిది చూడగానే చెప్పేశాడు. 16 పేజీలు ఒక ఫారం, ఏడో ఫారం రెండుసార్లు పెట్టి ఎనిమిదోది వదిలేసి బైండింగ్ చేశారు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, మార్చిచ్చి ఉంటే ఈ పోస్టే రాసేవాణ్ణి కాదు. పుస్తకం అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే మొదట ప్రింటర్‌ని అడగమన్నారు, రెండోసారి కవర్ విప్పేశారు కదా అన్నారు, మూడోసారి ఎత్తనే లేదు. ఇంకోటి, వెనక అట్ట మీది 500 స్టిక్కర్ గోటితో గీకితే కింద 350 అని అచ్చయి ఉంది. అదేమిటంటే జీఎస్టీ కలిపామన్నారు! అచ్చు పుస్తకాలకి జీఎస్టీయే లేదు.

కాబట్టి టేబుల్ దగ్గరే కవర్ విప్పించండి, పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూడండి, స్టిక్కర్ కింద ఏముందో చూడండి, బిల్లు పట్టుబట్టి అడగండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పే, బిల్లులో గడువేమీ రాయనప్పుడు లోపమున్న వస్తువును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనన్నా తప్పే. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. మీకూ ఇలాంటి కాపీ వచ్చుంటే మీరూ పెట్టండి.

మీలో ఎవరికైనా సరైన కాపీ వచ్చి ఉంటే దయచేసి ఒక్క రోజు ఇవ్వండి. 113 నుంచి 128 దాకా మా నాయన చదువుకుంటారు, నేనే వచ్చి తీసుకెళ్లి నేనే తెచ్చిస్తాను.