1914 నాటి మెర్సిడెస్ ఎంబ్లెమ్ అని నమ్మి 420 యూరోలు పోగొట్టుకున్నాను, మీరు జాగ్రత్త

జర్మనీలో ఉంటూ పాత కార్ల సామాన్ల పిచ్చి ఉన్న మనవాళ్లు, ఇక్కడి నుంచి ఇండియాకి తెప్పించుకునేవాళ్లు ఇది ఒకసారి చదవండి. పాత జర్మన్ కార్ల రేడియేటర్ ముందు ఉండే ఎంబ్లెమ్‌ల సంగతి. నాకు 420 యూరోలు పోయాయి. డబ్బు కన్నా ఎక్కువ మంట ఎక్కడంటే, నన్ను ముంచినాయన చెప్పిన చరిత్రలో తొంభై పాళ్లు నిజమే. ఆ నిజం వినే పడిపోయాను.

నేను స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటాను. ఏప్రిల్‌లో ఒక ఆదివారం పాత విడిభాగాల సంతకి వెళ్లాను. అసలైన కొనుగోలుదార్లు తెల్లారకముందే టార్చిలైట్లు పట్టుకుని వచ్చి మంచివి ఏరుకుపోతారు. నేను తీరిగ్గా కాఫీ తాగి వెళ్లేసరికి తొమ్మిదైంది. చివరి వరసలో ఒకాయన మడత బల్ల మీద హెడ్‌లైట్లు, స్పీడోమీటర్లు, తుప్పు పట్టిన తాళంచెవుల గుత్తి పరిచాడు. ఒక సిగార్ డబ్బాలో ఎర్ర మఖమల్ గుడ్డ మీద ఇది ఉంది. (అనుమానం అక్కడే రావాల్సింది. పశువుల కొట్టంలో దొరికిందన్న వస్తువుకి మఖమల్ ఎందుకు?)

అరచేతిలో పట్టే గుండ్రటి బిళ్ళ. మధ్యలో మూడు కొసల నక్షత్రం, దాని చుట్టూ వలయం. వలయంలో నాలుగు చిన్న నక్షత్రాలు, కింద మెర్సిడెస్ అని అక్షరాలు. మధ్యలో నీలం ఎనామెల్. అంచు మీద, గడియారంలో ఏడు గంటలు ఉండే చోట, చిన్న సొట్ట. ఆ సొట్ట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆయన కథ మొదలుపెట్టాడు. మెర్సిడెస్ కార్లు చేసిన కంపెనీని తర్వాత పెట్టిన గాట్‌లీబ్ డైమ్లర్ 1872లో కొలోన్ పక్కనే ఉన్న డాయిట్స్ ఇంజిన్ ఫ్యాక్టరీలో టెక్నికల్ డైరెక్టర్‌గా చేరాడు. ఊరి బొమ్మ ఉన్న పోస్ట్‌కార్డు మీద తాము ఉండే ఇంటిపైన ఒక నక్షత్రం గీసి భార్యకి పంపాడు, ఏదో ఒకరోజు ఇది మన సొంత ఫ్యాక్టరీ మీద వెలుగుతుందని రాశాడు. ఆయన 1900లో పోయాడు. తర్వాత కంపెనీకి మంచి గుర్తు కావాల్సి వచ్చినప్పుడు కొడుకులు పాల్, అడాల్ఫ్ ఆ నక్షత్రాన్ని గుర్తుచేశారు. 1909లో మూడు కొసలది, నాలుగు కొసలది రెండూ రిజిస్టర్ చేయించారు గానీ వాడింది మూడు కొసలదే: నేల, నీరు, గాలి. 1910 నుంచి అది రేడియేటర్ల మీదికెక్కింది.

ఇదంతా కంపెనీ చరిత్రలో ఉన్నదే. నేను అంతకుముందే చదివి ఉన్నాను, అందుకే తల ఊపుతూ విన్నాను. తెలిసిన మాటలు ఎదుటివాడి నోట్లోంచి వస్తుంటే మనకి ఆయన మీద నమ్మకం పెరుగుతుంది, అంతే. ఆ ఊపులోనే ఆఖరి ముక్క కలిపేశాడు: "ఇది 1914ది. ఆ ఏడాది జూలైలో లియోన్‌లో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ కార్ల పందెం జరిగింది కదా, మొదటి మూడు స్థానాలూ మెర్సిడెస్‌వే. ఆ కాలపు బండిదే ఇది. మా తాత కొట్టంలో దొరికింది." లియోన్ సంగతి కూడా నిజమే. 600 అన్నాడు. బేరమాడి 420కి తెచ్చాను. గెలిచానన్న సంబరం ఒకటి! రసీదు అడిగితే "సంతలో రసీదు ఏంటి?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

మా కింది అంతస్తులో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు ఉంటారు, రిటైరైన ఫిట్టర్. గ్యారేజీలో ఆడ్లర్ ట్రంఫ్ యూనియర్ అనే పాత జర్మన్ కారు ఒకటి పెట్టుకుని, ఏళ్ల తరబడి ఒక్కో బోల్టూ శుభ్రం చేస్తుంటారు. గొప్పగా తీసుకెళ్లి ఆయన వంటింటి బల్ల మీద పెట్టాను. ఏమీ అనలేదు. కళ్లజోడు పెట్టుకుని, బిళ్ళ తీసి ముందు పంటికి ఆనించారు. తర్వాత నా చేతికిచ్చి "నువ్వూ చూడు" అన్నారు.

చొక్కా గుండీ కొరికినట్టుంది.

ఆ రోజుల్లో ఎనామెల్ అంటే గాజు. గాజు పొడిని రాగి, ఇత్తడి లాంటి లోహపు బిళ్ళ మీద గుంటల్లో నింపి, సుమారు 800 డిగ్రీల కొలిమిలో కరిగించేవాళ్లు. చల్లారాక రాయితో అరగదీసి, గాజూ లోహపు గీతలూ ఒకే మట్టానికి వచ్చేదాకా నునుపు చేసేవాళ్లు. మన నగల్లో మీనా పని ఉంటుందే, అదే విద్య. కాబట్టి అసలైనది పంటికి చల్లగా, గట్టిగా టక్కుమని తగులుతుంది. మామూలు సూదితో నొక్కితే గీత పడదు. పెచ్చు ఊడిన చోట గాజు విరిగినట్టే గవ్వ ఆకారంలో పదునుగా ఉంటుంది. నాది రెసిన్, అంటే ప్లాస్టిక్ లాంటిది. అచ్చులో రంగు పోసి ఆరబెట్టింది. గోరు ఆనించి అడ్డంగా లాగితే ప్రతి గీత దగ్గరా తగులుకుంటోంది. ఒక మూల పెచ్చు ఊడినట్టు కనిపించింది నిజానికి కత్తితో గీకింది, పాతదిలా ఉండాలని.

తర్వాత వెనక్కి తిప్పి భూతద్దం పెట్టారు. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం, పదిహేను యూరోలకి దొరుకుతుంది. నా 420 అవతల పెట్టి చూస్తే ఆ పదిహేను ముందే ఖర్చుపెట్టి ఉండాల్సింది. వెనక భాగమంతా ఇడ్లీ మీద ఉండే రంధ్రాల్లా సన్నటి గుంటలు. అసలైన వాటిని ఉక్కు అచ్చుతో బలంగా కొట్టి తయారుచేసేవాళ్లు, అందుకే లోహం బిగువుగా, అంచులు కత్తిరించినట్టు ఉంటాయి. నాది కరిగించి పోసిన పోత. మెర్సిడెస్ అక్షరాల లోపలి మూలలు, వాడి అరిగిపోయిన సబ్బు మీద పేరులా, గుండ్రంగా కరిగిపోయి ఉన్నాయి. ఇంకో మాట చెప్పారు. లోహం చల్లారితే కుంచించుకుపోతుంది, ఇత్తడి పోతలో నూటికి ఒకటిన్నర, రెండు పాళ్ల దాకా. ఎవరి దగ్గరైనా అసలైన బిళ్ళ ఉండి కొలతలు తెలిస్తే వెర్నియర్ కాలిపర్ పెట్టండి. అసలు 60 మి.మీ. అయితే దాని నుంచి అచ్చు తీసిన నకలు 59 దగ్గర తేలుతుంది.

పక్కన ఒక పాత నికెల్ పూత టీ చెంచా పెట్టారు. చెంచా మెరుపులో లేత పసుపు, నా బిళ్ళ మెరుపులో నీలం. నీలం అంటే క్రోమియం. క్రోమియం పూత 1920ల రెండో సగంలో గానీ కార్ల మీదకి రాలేదు, అంతకుముందు అంతా నికెల్, లేదా ఊరికే ఇత్తడి. "మధ్యలో ఎవరో ఓనరు మళ్లీ పూత వేయించి ఉండొచ్చు కదా?" అని అడిగాను. ఆశ చావదు కదా. "వేయించొచ్చు" అని ఒప్పుకున్నారు. తర్వాత భూతద్దం పక్కన పెట్టేసి అన్నారు: "ఇవన్నీ వదిలెయ్. వలయం చూడు. వలయం వచ్చిందే 1916లో."

కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. నక్షత్రం చుట్టూ వలయం, అందులో నాలుగు చిన్న నక్షత్రాలు, మెర్సిడెస్ అనే పేరు లేదా ఊంటర్‌ట్యుర్క్‌హైమ్, బెర్లిన్ మారియెన్‌ఫెల్డే ఫ్యాక్టరీల పేర్లు: ఈ రూపం 1916ది. 1914 బండి మీద అది ఉండే అవకాశమే లేదు. పన్ను, భూతద్దం, చెంచా ఏవీ అక్కర్లేదు. సంతలోనే బల్ల దగ్గర నిలబడి, ఫోన్‌లో రెండు నిమిషాలు వెతికితే తేలిపోయేది. నక్షత్రం కథ తెలుసు కదా అని ఎంబ్లెమ్ గురించి కూడా తెలుసనుకున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టక, అమ్మకానికి పెట్టిన పాత ఎంబ్లెమ్‌ల ప్రకటనలు చూస్తూ కూర్చున్నాను. ఒకసారి తేదీల దృష్టితో చూడటం మొదలెడితే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

ఎక్కువగా కనిపించేది ఆకుల దండలో నక్షత్రం, పైన మెర్సిడెస్, కింద బెంజ్. దీన్ని 1910 అనీ, 1918 అనీ, "మొదటి ప్రపంచ యుద్ధం నాటిది" అనీ అమ్ముతున్నారు. ఆ దండ డైమ్లర్‌ది కాదు, బెంజ్‌ది. మాన్‌హైమ్ బెంజ్ కంపెనీకి ముందు పళ్లచక్రం గుర్తుగా ఉండేది, 1909లో దాని బదులు లారెల్ ఆకుల దండ తెచ్చారు. అదే ఏడాది స్టుట్‌గార్ట్‌లో డైమ్లర్ వాళ్లు నక్షత్రం రిజిస్టర్ చేశారు. అప్పటికి రెండూ పోటీ కంపెనీలు. యుద్ధం తర్వాత జర్మన్ కరెన్సీ మార్కు విలువ పడిపోయి వ్యాపారం నడవక 1924లో చేతులు కలిపి, 1926 జూన్‌లో డైమ్లర్-బెంజ్‌గా ఒకటయ్యాయి. రెండు గుర్తులు కలిపిన బొమ్మని 1925లో రిజిస్టర్‌కి పెట్టారు. కాబట్టి రెండు పేర్లూ ఉన్న బిళ్ళకి 1925 కన్నా ముందు ఏడాది ఎవరు చెప్పినా అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

తర్వాతిది బీఎండబ్ల్యూ. మనవాళ్లకి దీని మీద మోజెక్కువ. "1922 బీఎండబ్ల్యూ కారు రేడియేటర్ ఎంబ్లెమ్" అని ఒకటి 300 యూరోలకి ఉంది. 1922లో బీఎండబ్ల్యూ కారే లేదండీ! గుర్తు మాత్రం ఉంది, 1917 అక్టోబరులో రిజిస్టర్ అయింది. కానీ అది విమానం ఇంజిన్ల కంపెనీ. 1923లో ఆర్32 మోటార్‌సైకిల్ వచ్చింది. 1928లో ఐసెనాఖ్‌లోని కార్ల ఫ్యాక్టరీ కొన్నారు. ఆస్టిన్ సెవెన్ లైసెన్సు మీద అక్కడ తయారవుతున్న డిక్సీ చిన్నకారుని 1929 నుంచి తమ పేరుతో అమ్మారు. కారు రేడియేటర్ మీద ఆ నీలం తెలుపు గుర్తు కనిపించింది అప్పుడే. అమ్మేవాడు "ఇది తిరిగే విమానం ప్రొపెల్లర్" అని కథ మొదలుపెడితే ఇంకొంచెం జాగ్రత్త. నీలం, తెలుపు బవేరియా రంగులు. రాజ్య చిహ్నాల్ని వ్యాపార గుర్తుల్లో వాడకూడదని అప్పటి చట్టం కాబట్టి రంగుల వరస తిప్పి పెట్టారు. ప్రొపెల్లర్ మాట తర్వాత 1929 ప్రకటనలోని బొమ్మ వల్ల జనంలోకి వెళ్లింది.

దీనికే ఇంకో చిక్కు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఐసెనాఖ్ తూర్పు జర్మనీ వైపు ఉండిపోయింది. అక్కడ కొన్నాళ్లు బీఎండబ్ల్యూ పేరుతోనే కార్లు చేశారు. మ్యూనిక్ కంపెనీ కోర్టులో గెలిచాక 1952 నుంచి పేరు ఈఎండబ్ల్యూ, రంగు ఎరుపు తెలుపు అయింది. ఆ ఎర్ర బిళ్ళ చూసి "అరుదైన ప్రయోగాత్మక బీఎండబ్ల్యూ" అని రాసినాయన్ని కూడా చూశాను. నిజానికి ఆ ఎర్రది దానికదే మంచి వస్తువు, దాని పేరుతో దాన్ని అమ్మొచ్చు కదా!

ఆడి గుర్తైన నాలుగు వలయాలకి పెద్దగా చెప్పేదేం లేదు: ఆడి, డీకేడబ్ల్యూ, హోర్ఖ్, వాండరర్ అనే నాలుగు కంపెనీలు కలిసి ఆటో యూనియన్ అయింది 1932లో. అంతకుముందు నాలుగు వలయాలు లేవు.

నకళ్లన్నీ దొంగవని నా ఉద్దేశం కాదు. కింది అంతస్తు పెద్దాయన ఆడ్లర్ ముందున్నది కూడా నకలే. 60 యూరోలకి, నకలు అని బిల్లు మీద రాయించుకుని మరీ కొన్నారు. అసలుది దొరకదు, దొరికినా బండికి తగిలించి రోడ్డు మీద తిప్పడానికి మనసొప్పదు. నకలుని నకలు ధరకి కొంటే బాధ లేదు.

ఇక డబ్బు సంగతి. ఆన్‌లైన్‌లో, ఫోన్‌లో ఇలా దూరం నుంచి వ్యాపారి దగ్గర కొంటే 14 రోజుల్లో వాపసు హక్కు ఉంది. సంత బల్ల దగ్గర కొంటే ఆ హక్కు లేదు, వ్యాపారి కాని మామూలు మనిషి దగ్గర కొన్నా లేదు. ప్రకటన కింద "ప్రైవేట్ అమ్మకం, గ్యారంటీ లేదు" అని రాస్తారు. అయినా తెలిసి మోసం చేస్తే ఆ వాక్యం వాళ్లని కాపాడదు, జర్మన్ పౌర చట్టం బీజీబీ 444వ సెక్షన్ అదే చెబుతుంది. 123, 124 సెక్షన్ల ప్రకారం మోసం బయటపడిన ఏడాదిలోపు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. కానీ ఎవరితో ఒప్పందం? నా దగ్గర పేరు లేదు, రసీదు లేదు. ఆయనిచ్చిన ఫోన్ నంబరు పనిచేయలేదు. ఆన్‌లైన్‌లో పోలీసు ఫిర్యాదు ఇచ్చాను, ఇచ్చానంటే ఇచ్చాను. అందుకే చెబుతున్నా, "1914 నాటి అసలైనది" అని ఒక ముక్క కాగితం మీద రాసి, పేరు, అడ్రసు, సంతకం పెట్టమనండి. నిజాయితీపరుడైతే పెడతాడు. పెట్టనంటే మీకు జవాబు దొరికినట్టే. యాప్‌లో డబ్బు పంపేటప్పుడు స్నేహితులకి పంపే పద్ధతిలో పంపమంటే అసలు ఒప్పుకోకండి, కొనేవాళ్లకి ఉండే రక్షణ అందులో ఉండదు.

పోయిన వారం ఒక అమ్మకాల యాప్‌లో వేరే పేరుతో ఒక ప్రకటన వచ్చింది. సిగార్ డబ్బా, ఎర్ర మఖమల్, నీలం ఎనామెల్, నాలుగు చిన్న నక్షత్రాలు. ఫొటో పెద్దది చేసి, నా బిళ్ళని స్క్రీన్ పక్కన పట్టుకుని చూశాను. అంచు మీద ఏడు గంటల దగ్గర అదే సొట్ట. అసలు బిళ్ళకి ఎప్పుడో తగిలిన దెబ్బ, అచ్చులోకి దిగి ప్రతి పోతలోనూ వస్తోంది. ఈసారి 1912 అంట, ధర 550.