చాక్లెట్లు అమ్మనన్న కుర్రాడు

రాబర్ట్ కార్మియర్ 1974లో వెలువరించిన ‘ద చాక్లెట్ వార్’ నవలను ఒంగోలులో ఇంటర్మీడియట్ చదువుతున్న మా మేనకోడలూ నేనూ ఒకే ప్రతిలో చదివాం. పాఠశాల తెప్పించిన 20,000 చాక్లెట్ పెట్టెల్లో తన వంతు 50 అమ్మనని కథానాయకుడైన విద్యార్థి జెర్రీ మొదట విద్యార్థి ముఠా ఆజ్ఞ మేరకు 10 రోజులు, గడువు తీరాక తన సొంత ఇష్టంతో మొండికేస్తాడు. హాజరు పిలిచినట్టు ఉపాధ్యాయుడు బ్రదర్ లియోన్ రోజూ పేర్లు చదువుతుంటే అతడొక్కడే ‘అమ్మను’ అనే ఘట్టాలు నవలకు ఆయువుపట్టు. దెబ్బలకన్నా, మొదట్లో అతణ్ణి మెచ్చుకున్నవారే ఎదురుతిరగడం నన్ను ఎక్కువ కలచివేసింది. ముఠాకు పథకాలు వేసే ఆర్చీ ఎత్తుగడలు మాత్రం కొంత సాగదీసినట్టు అనిపించాయి. ముగింపు మరీ నిర్దయగా ఉందని నేనంటే, హాస్టల్లో ఉంటున్న మేనకోడలు ‘అలాగే జరుగుతుంది మామయ్యా’ అని తేలిగ్గా కొట్టిపారేసింది. పదో తరగతి దాటినవారికే ఇవ్వాలన్న విషయంలో ఇద్దరమూ ఏకీభవించాం.