కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో నడుస్తున్న తొలి హార్డ్ డిస్కు

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు గోల్డెన్ గేట్ వంతెన, లివర్‌మోర్ గుడి చూపించాక ఇంకేం చూపించాలా అని ఆలోచించే బే ఏరియా తెలుగువారికి, మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం పేరు చెబుతాను. అయితే ఐబీఎం 350 డిస్కు యూనిట్‌ను నడిపి చూపించే వేళ ముందే కనుక్కుని వెళ్లాలి.

1956లో రామాక్ 305 కంప్యూటర్‌తో వచ్చిన ఈ యంత్రమే వ్యాపార సంస్థలకు అందిన తొలి హార్డ్ డిస్కు. రెండు బీరువాలను పక్కపక్కన పెట్టినంత పెట్టెలో 24 అంగుళాల పళ్లేలు 50, ఒకే ఇరుసుపై నిమిషానికి 1,200 చుట్లు తిరిగేవి. ఇంతా చేసి పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇప్పుడు ఫోనులో తీసే ఒక్క ఫొటోకు సరిపోతుందేమో. పళ్లేలు 50 ఉన్నా చదివే చెయ్యి ఒక్కటే. అది ఒక పళ్లెం నుంచి పూర్తిగా బయటికి వచ్చి, నిలువుగా పైకో కిందికో జారి, కావలసిన పళ్లెం ఎదుట ఆగి మళ్లీ లోపలికి దూరడాన్ని కళ్లారా చూడవచ్చు.

ఒకప్పుడు రామాక్‌పై పనిచేసిన ఆల్ హోగ్లాండ్ ఆధ్వర్యంలో శాంటా క్లారా విశ్వవిద్యాలయంలో మొదలైన పునరుద్ధరణ ఇది. చేతిని నడిపే ఎలక్ట్రానిక్స్ మాత్రం ఈ కాలానివి. కదలకుండా ఉంచిన అసలు సరుకు కంటే ఇలా కదిలేదే నాకు మేలనిపించింది. పక్క గదుల్లో అద్దాల వెనుక ఉన్న తొలినాటి మెమరీ పరికరాలైన పాదరసపు డిలే లైనూ, నల్లపూసల్లాంటి ఫెర్రైట్ వలయాలను తీగలతో అల్లిన కోర్ మెమరీ పలకలూ అపురూపమైనవే గానీ, అవి ఎలా పనిచేశాయో చూపుతో అంతుపట్టదు.

ఈ మ్యూజియం యంత్రాలతో పాటు ఇంజనీర్ల జ్ఞాపకాలను కూడా రికార్డు చేసి భద్రపరుస్తోంది. అది ఎంత అవసరమో, సమాచారం నమోదయ్యే డిస్కు పూత కథ వింటే తెలుస్తుంది. ఐబీఎం శాన్ హోసే ప్రయోగశాలలో ఐరన్ ఆక్సైడ్ రంగును సిల్కు మేజోడులో వడగట్టి, తిరుగుతున్న పళ్లెం నడుమ కాగితం కప్పుతో పోస్తే, అది అంచులదాకా సమంగా పరుచుకునేదట. మనం దోసెకు గరిటె తిప్పుతాం; అక్కడ పెనమే తిరిగింది. ఇలాంటి కిటుకులు యంత్రాన్ని విప్పి చూసినా దొరకవు.

బ్యాంకులో గుమాస్తాగా పనిచేసిన మా నాన్నగారికి నేను ర్యాండమ్ యాక్సెస్ అంటే ఏమిటో వివరించబోతుంటే, ఆయన ఆ చేతిని రెండుసార్లు చూసి, "మొదటి నుంచి తిరగేయకుండా లెడ్జరులో కావలసిన పేజీ తీయడమే కదరా" అన్నారు.