టాపింగ్ ఈ30: చిన్న డ్యాక్, పాత యాంప్లిఫయర్, బెజవాడ కరెంటు

టాపింగ్ ఈ30 ఒక డ్యాక్, అంటే ఫోను, కంప్యూటరు, టీవీ పంపే డిజిటల్ శబ్దాన్ని యాంప్లిఫయరుకి పనికొచ్చే అనలాగ్ సిగ్నల్‌గా మార్చే డబ్బా. ఇది కొత్తలో ఎలా వినిపించిందో, ఎండలూ వానలూ చూశాక ఇప్పుడూ అలాగే వినిపిస్తోంది. వాడినంత కాలంలో శబ్దం మారిందంటే అది చుట్టూ ఉన్నవాటి వల్లే: ఏ చార్జరు పెట్టాం, ఏ తీగతో కలిపాం, ఇంటి ఎర్తు ఎలా ఉంది, యాంప్ వాల్యూమ్ ఎంతలో పెట్టాం. అందుకే ఇక్కడ డబ్బా గురించి క్లుప్తంగా చెప్పి, విజయవాడ ఇంట్లో దాన్ని సరిగ్గా పనిచేయించే సంగతి వివరంగా రాస్తున్నాను.

అరచేతి కన్నా కాస్త పెద్ద లోహపు డబ్బా. వెనక యూఎస్‌బీ, ఆప్టికల్, కోయాక్సియల్ అని మూడు ఇన్‌పుట్లు, ఎరుపు-తెలుపు ఆర్‌సీఏ అవుట్‌పుట్ జత ఒకటి. హెడ్‌ఫోన్ సాకెట్ లేదు, బ్లూటూత్ లేదు. రిమోట్ ఉంది. లోపల జపాన్ కంపెనీ ఏకేఎం తయారుచేసిన ఏకే4493 చిప్పు. 2020 అక్టోబరులో నొబెయోకాలో ఆ కంపెనీ ఫ్యాక్టరీ అగ్నిప్రమాదంలో దెబ్బతిన్నాక ఈ చిప్పులకి కరువొచ్చింది. తర్వాత వచ్చిన రెండో వెర్షన్‌లో ఏకే4493ఎస్ చిప్పులు రెండు పెట్టారు. ఇక్కడ చెప్పే కనెక్షన్ల సంగతులన్నీ దానికీ వర్తిస్తాయి.

ముందు వైపు చిన్న డిస్‌ప్లే మీద వచ్చే అంకెని చాలామంది పట్టించుకోరు. నా లెక్కలో ఈ డబ్బాలో అన్నిటికన్నా పనికొచ్చేది అదే. శబ్దాన్ని సెకనుకి ఎన్ని వేల నమూనాలుగా (కిలోహెర్ట్జ్) పంపుతున్నారో చెప్పే అంకె అది. సీడీ నుంచి తీసిన ఫైలు పెడితే అక్కడ 44.1 అని రావాలి. 48 అని వచ్చిందంటే మీ కంప్యూటరో ఫోనో మధ్యలో లెక్క మార్చి పంపుతోందన్నమాట. విండోస్‌లో సౌండ్ సెట్టింగుల్లోకి వెళ్ళి, డ్యాక్ పేరు మీద ప్రాపర్టీస్, అందులో అడ్వాన్స్‌డ్ తెరిస్తే 24 బిట్, 44100 అని ఎంచుకోవచ్చు. ఫూబార్‌లాంటి ప్లేయరు ఉంటే వాసాపీ ఎక్స్‌క్లూజివ్ (విండోస్ మధ్యలో చెయ్యి పెట్టకుండా పాట నేరుగా డ్యాక్‌కి పోయే పద్ధతి) పెట్టండి, ఏ పాటకి తగ్గ అంకె ఆ పాటకి వస్తుంది. విండోస్ 10లో 2017 నాటి 1703 వెర్షన్ నుంచి ఇలాంటి డ్యాక్‌లకి డ్రైవరు అందులోనే ఉంది, పెట్టగానే పలుకుతుంది. కంపెనీ డ్రైవరు కావాల్సింది డీఎస్‌డీ (సీడీ పద్ధతికి భిన్నమైన రికార్డింగు రకం) ఫైళ్ళని ఉన్నవి ఉన్నట్టు పంపేవాళ్ళకే. ఆండ్రాయిడ్ ఫోనుకి ఓటీజీ తీగతో కలిపితే మామూలుగా అన్నిటినీ 48కి మార్చి పంపుతుంది. అది తప్పాలంటే యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి యాప్ కావాలి. యూట్యూబులో ఎక్కువగా వచ్చే ఓపస్ ఆడియో అసలే 48లో ఉంటుంది, అక్కడ 48 కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. 44.1 కాస్తా 48 అయితే చెవికి తెలిసే తేడా చాలా తక్కువే. అయినా సరిచేసుకోవడం మంచిది, దారిలో ఇంకేదైనా ఈక్వలైజరో, శబ్దం పెంచే సాఫ్ట్‌వేరో చెయ్యి పెడుతోందా అన్నది ఆ అంకె వల్లే బయటపడుతుంది.

టీవీకి కలిపేవాళ్ళు ఆప్టికల్ తీగ రెండు చివరలా ఉండే చిన్న ప్లాస్టిక్ టోపీలు తీసేయాలి. పారదర్శకంగా ఉండటం వల్ల కనపడవు, వాటితోనే గుచ్చితే సాకెట్‌లో సరిగ్గా కూర్చోదు. టీవీ ఆన్‌లో ఉన్నప్పుడు తీగ రెండో కొనలో ఎర్రటి వెలుగు కనపడాలి. ఆ తర్వాత టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్‌ని పీసీఎం (డాల్బీలా మూటకట్టని మామూలు డిజిటల్ శబ్దం) అని మార్చాలి. ఆటో అనో, బిట్‌స్ట్రీమ్ అనో వదిలేస్తే వార్తలు బాగానే వస్తాయి గానీ, ఓటీటీలో సినిమా పెట్టగానే టీవీ డాల్బీ సిగ్నల్ పంపుతుంది. ఈ డ్యాక్‌కి డాల్బీ విప్పడం రాదు. నిశ్శబ్దమైనా వస్తుంది, బుస్సుమనే రొద అయినా వస్తుంది. డ్యాక్ పాడైందనుకుని వెనక్కి పంపే ముందు ఈ ఒక్క సెట్టింగూ చూడండి.

ఇక హమ్ము, అంటే స్పీకర్లో ఆగకుండా వచ్చే గుయ్యిమనే మోత సంగతి. మన ఊళ్ళో డ్యాక్ కొన్న ఇళ్ళలో ఎక్కువ తలనొప్పి దీంతోనే, పైగా డ్యాక్‌కి ఏ పాపమూ లేదు.

లాప్‌టాప్ చార్జరు త్రీ పిన్, యాంప్ త్రీ పిన్. రెండూ వేర్వేరు స్విచ్‌బోర్డుల్లో ఉంటాయి. వాటి మధ్య డ్యాక్‌ని యూఎస్‌బీతో, ఆర్‌సీఏతో కలిపామంటే ఎర్తు తీగ ఒక వలయంగా తయారవుతుంది. ఆ వలయంలో పారే కరెంటు స్పీకర్లో గుయ్యిమని వినిపిస్తుంది. మౌస్ కదిపినప్పుడల్లా కీచుమనే సన్నని శబ్దం కూడా ఎక్కువగా ఈ దారినే వస్తుంది. కనిపెట్టడం తేలిక: పాట ఆపి, యాంప్ వాల్యూమ్ సగానికి తెచ్చి, లాప్‌టాప్ చార్జరు ప్లగ్గు పీకండి. హమ్ము ఆ క్షణంలోనే ఆగితే ఎర్తు వలయమే. ఆగకపోతే యాంప్ ఆపి, వెనక ఆర్‌సీఏ తీగ కూడా పీకి, మళ్ళీ ఆన్ చేయండి. అప్పటికీ మోగుతుంటే రోగం యాంప్‌లోనే ఉంది, చాలా పాత యాంపుల్లో అది పవర్ సప్లయిలో ఎండిపోయిన పెద్ద కెపాసిటర్లది.

కేబుల్ టీవీ ఉన్న ఇంట్లో ఇంకో దారి ఉంది. బయట స్తంభం నుంచి వచ్చే కోయాక్సియల్ తీగ పై అల్లిక వేరేచోట ఎర్తయి ఉంటుంది. అది సెట్‌టాప్ బాక్సుకి, బాక్సు టీవీకి, టీవీ యాంపుకి చేరి వలయం పూర్తి చేస్తుంది. బాక్సు వెనక ఆ తీగ మర విప్పి చూస్తే తెలిసిపోతుంది. ఏపీ ఫైబర్‌నెట్ లాంటి ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇళ్ళకి ఈ బెడద తక్కువ, బయటి నుంచి లోపలికి వచ్చేది గాజు తీగ కాబట్టి దాంట్లో కరెంటు పారదు.

మందు అన్నిటికన్నా తేలికైనది ఆప్టికల్. వెలుగుతో పోయే సిగ్నల్‌లో ఎర్తు ప్రసక్తే ఉండదు. కాకపోతే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ30కి కరెంటు విడిగా 5 వోల్టుల డీసీ ఇవ్వాలి. డబ్బాతో వచ్చేది యూఎస్‌బీ కొన ఉన్న తీగ మాత్రమే, అడాప్టరు మనదే. చాలామంది దాన్ని టీవీ వెనక యూఎస్‌బీ పోర్టులో గుచ్చేస్తారు, టీవీతో పాటు ఆన్, ఆఫ్ అవుతుందని. అలా చేస్తే ఆప్టికల్‌తో తెంపిన ఎర్తుని ఆ పవర్ తీగ మళ్ళీ కలిపేస్తుంది, హమ్ము తిరిగొస్తుంది. పవర్ విడి చార్జరు నుంచే ఇవ్వండి. 5 వోల్టులు, 1 ఆంపియరు ఇచ్చే మంచి కంపెనీ మొబైల్ చార్జరు చాలు. ఫాస్ట్ చార్జరైనా పర్వాలేదు, అవతలి పరికరం అడగనిదే అది 5 వోల్టులు దాటదు. గవర్నర్‌పేట దుకాణాల్లో దొరికే పేరూ ఊరూ లేని చార్జర్లు మాత్రం వద్దు. అనుమానంగా ఉంటే ఒక పూట పవర్‌బ్యాంకుతో నడిపి వినండి. పవర్‌బ్యాంకు, ఆప్టికల్ రెండూ ఉంటే డ్యాక్‌కి గోడ కరెంటుతో సంబంధమే లేనట్టు. అప్పుడు శుభ్రంగా ఉండి, చార్జరు పెట్టగానే రొద మొదలైతే చార్జరు మార్చాలి.

ఆప్టికల్ లేని లాప్‌టాపుకి లాప్‌టాప్ చార్జరునీ యాంపునీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి చూడండి, చాలాసార్లు అంతటితో సగం తగ్గుతుంది. యూఎస్‌బీ తీగలో ఎర్తుని విడదీసే ఐసోలేటర్లు ఉన్నాయి గానీ చవకవి సెకనుకి 12 మెగాబిట్ల దగ్గర ఆగిపోతాయి. సీడీ ఫైళ్ళకి ఆ వేగం సరిపోతుంది, 96 కిలోహెర్ట్జ్ పైన ఉన్న ఫైళ్ళ మీద ఆశ వదులుకోవాలి. హమ్ము పోతుందని ఎవరైనా యాంప్ ప్లగ్గులో ఎర్తు పిన్ను తీసేయమంటే వినకండి. లోపల ఎప్పుడైనా ఫేజు తీగ బాడీకి తగిలితే, ఆ తర్వాత ఆర్‌సీఏ తీగ ముట్టుకున్న మనిషికి ప్రాణం మీదికొస్తుంది.

టూ పిన్ చార్జర్లతో ఇంకో చిత్రం. ఆర్‌సీఏ పిన్ను బయటి రింగు వేలికి తగిలితే సన్నగా చురుక్కుమంటుంది. చార్జరు లోపలి చిన్న కెపాసిటర్ గుండా కారే కరెంటు అది. మనిషికి హాని చేసేంత ఉండదు గానీ, తీగలు మార్చేటప్పుడు అన్నీ ఆపే మార్చండి. లేదంటే ఆ విడుదలంతా యాంప్ ఇన్‌పుట్‌లోకి పోయి స్పీకర్లో ఠప్పుమంటుంది.

ఎండాకాలంలో హమ్ము పెరిగిందంటే ఇంటి ఎర్తు వైపు చూడాలి. బొగ్గు, ఉప్పు వేసిన ఎర్తు గొయ్యి ఏప్రిల్, మే నెలల్లో ఎండిపోతుంది, తడి లేని మట్టిలో ఎర్తు పట్టు తప్పుతుంది. అపార్ట్‌మెంట్ల సెల్లారుల్లో ఆ గొయ్యి మీద టైల్స్ పరిచేసి ఉంటారు, ఎక్కడుందో వాచ్‌మన్‌కీ తెలియదు. దాన్ని వెతికించి రెండు బిందెల నీళ్ళు పోయించండి. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య వోల్టేజి చూడమనండి. ఒకటి రెండు వోల్టులుంటే మామూలే, ఐదు దాటితే వైరింగు సంగతి చూడాల్సిందే.

తర్వాతది శబ్దం ఎత్తు. ఈ డ్యాక్ నిండుగా ఇచ్చేది 2 వోల్టులు. ఫోను హెడ్‌ఫోన్ సాకెట్ అర వోల్టు నుంచి ఒక వోల్టు ఇస్తుంది. అర వోల్టు నుంచి 2 వోల్టులంటే 12 డెసిబెల్స్ తేడా. డ్యాక్ పెట్టగానే పాటకి ప్రాణం వచ్చినట్టు అనిపించడంలో సగం ఈ ఎత్తు వల్లే. నిజంగా పోల్చాలంటే 50 హెర్ట్జ్ టెస్ట్ టోను రెండిటిలోనూ పెట్టి, స్పీకరు టెర్మినల్స్ దగ్గర మల్టీమీటరుతో ఏసీ వోల్టేజి కొలిచి సమం చేయాలి. పసుపు రంగు చవక మల్టీమీటర్లలో ఏసీ రేంజి 200 వోల్టుల నుంచే మొదలవుతుంది, దాని మీద 0.1 వోల్టు కన్నా చిన్న తేడా కనపడదు. 2 లేదా 20 వోల్టుల ఏసీ రేంజి ఉన్నది అరువు తెచ్చుకోండి.

అర వోల్టుకే నిండిపోయే పాత యాంపుల్లో ఇంకో ఇబ్బంది. వాల్యూమ్ గుండీ కొంచెం తిప్పగానే హోరెత్తుతుంది, ఆ మొదట్లో ఎడమ, కుడి సమానంగా ఉండవు, పాట ఒక పక్కకి ఒరిగినట్టుంటుంది. ఈ30ని ప్రీయాంప్ మోడ్‌లోకి (వాల్యూమ్ డ్యాక్‌లోనే మార్చుకునే అమరిక) మార్చి 10 నుంచి 12 డెసిబెల్స్ తగ్గించండి. గుండీ మధ్యకొస్తుంది, రెండు పక్కలూ సమం అవుతాయి. ప్రతి 6 డెసిబెల్స్‌కీ ఒక బిట్టు పోతుంది, 24 బిట్లలో రెండు పోతే చెవికి తెలియదు. పవర్డ్ స్పీకర్లకి (యాంప్ లోపలే ఉన్నవి) నేరుగా కలిపేవాళ్ళు మొదటిసారి బాగా కిందికి తగ్గించి, అక్కడి నుంచి పైకి రావాలి.

అన్నీ సరిచేశాక విన్నదేమిటి? లాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్‌తో పోలిస్తే తేడా నిశ్శబ్దంలో ఉంది. బాలమురళీకృష్ణ మంద్రంలో స్వరం ఆపి ఊపిరి తీసుకున్న చోట వెనక తంబుర కొనసాగుతూనే ఉంటుంది. లాప్‌టాప్ సాకెట్‌లో ఆ తంబుర తోక రొదలో కలిసిపోయేది, ఇక్కడ చివరిదాకా వినపడుతుంది. మృదంగం ఎడమ వైపు గుంకి చప్పున మొదలై చప్పున ఆగుతుంది. మంచి సీడీ ప్లేయరుతో సమం చేసి పోలిస్తే మాత్రం ఏది ఏదో నేను చెప్పలేకపోయాను.

ఘంటసాల పాత మోనో రికార్డింగుల్లో టేపు బుస ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, గొంతు కూడా అలాగే. 1948 నుంచి ఉన్న విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని పాటలు మన ఇళ్ళలో ఎక్కువగా తక్కువ బిట్‌రేటు ఎంపీ3లుగానే ఉన్నాయి. 128 కిలోబిట్ల ఫైలులో 16 కిలోహెర్ట్జ్ పైన దాదాపు ఏమీ మిగలదు, తాళాల మెరుపు ముందే పోయింది. ఏ డ్యాకూ దాన్ని వెనక్కి తేలేదు. ఆ డబ్బుతో మంచి కాపీ సంపాదించండి.

ఈ డ్యాక్‌లో ఆరు ఫిల్టర్లున్నాయి. కొన్ని 20 కిలోహెర్ట్జ్ దగ్గర నిటారుగా కోస్తాయి, కొన్ని ముందు నుంచే మెల్లగా తగ్గిస్తాయి. మార్చి మార్చి విన్నా నాకు తేడా దొరకలేదు. ఏదో ఒకటి పెట్టి వదిలేయండి.

మన వేసవిలో డబ్బా గోరువెచ్చగా ఉంటుంది, అంతే. యాంప్ పైన గాలి రంధ్రాల మీద మాత్రం పెట్టొద్దు. వానాకాలం తేమకి ఆర్‌సీఏ పిన్నుల మీద చిలుము పట్టి ఒక పక్క కరకరలాడుతుంది. అన్నీ ఆపి ప్లగ్గుని సాకెట్‌లోనే నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పండి, తగ్గకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే రెప్పపాటులో డ్యాక్ ఒక్కోసారి ఆగి మళ్ళీ మొదలవుతుంది, అప్పుడు ప్లేయరులో పాట మళ్ళీ నొక్కాలి. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టరైతే యాంప్ ట్రాన్స్‌ఫార్మరు గుర్రుమంటుంది. ఆ శబ్దం యాంప్ డబ్బాలోంచే వస్తుంది, స్పీకర్లోంచి కాదు. చెవి దగ్గర పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఆప్టికల్, యూఎస్‌బీ ఇన్‌పుట్లున్న ఏవీ రిసీవరో, కొత్త యాంపో ఇంట్లో ఉంటే ఇది కొనక్కర్లేదు, అందులో డ్యాక్ ఉన్నట్టే. వెనక ఆక్స్ అని రాసి ఎరుపు-తెలుపు సాకెట్లు మాత్రమే ఉన్న పాత స్టీరియో యాంపు, కొత్త టీవీ ఉన్న ఇంటికైతే కళ్ళు మూసుకుని కొనొచ్చు. ఒక మంచి చార్జరు, ఒకటిన్నర మీటరు ఆప్టికల్ తీగ కూడా అప్పుడే తీసుకోండి.