40 డెన్సిటీ అన్నారు, కాటా మీద తేలిపోయింది

విశాఖపట్నంలో పాత కారు సీట్లు చేయించుకోవాలంటే అద్దాల షోరూంల జోలికి పోకండి. తిన్నగా గాజువాక ఆటోనగర్‌కి వెళ్ళిపోండి. ఈ సలహాకి మేము 6,000 రూపాయలు కట్టాం, మీకు ఊరికే చెబుతున్నాను.

కారు మా మావగారిది. 1986 అంబాసిడర్, మార్క్ 4, డీజిల్. గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది, ముందు కూడా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే బెంచీ సీటు. ఇంజను ఇప్పటికీ ఆయన మాట వింటుంది గానీ సీటే వినడం మానేసింది. డ్రైవరు వైపు గొయ్యి పడింది. రెక్సిన్ చిరిగిన చోట వేలు పెడితే పసుపుపచ్చ పొడి శనగపిండిలా రాలేది. కాకినాడ ఉప్పుగాలికీ, ఎండకీ, ఉక్కకీ ఫోం అలాగే పొడైపోతుంది, తప్పేం లేదు. కంపెనీ సీటు తెచ్చి బిగించేద్దామంటే అంబాసిడర్ తయారీయే 2014లో ఆగిపోయింది. ఉన్న ఫ్రేముకే కొత్త ఒళ్ళు కట్టించుకోవాలి. మా ఆఫీసులో ఒకాయన విశాఖలో ఫలానా షోరూం అని తెగ పొగిడారు. మా ఆవిడకి సింహాచలం మొక్కు ఉండనే ఉంది. ముగ్గురం బయల్దేరాం.

కత్తిపూడి దగ్గర హైవే ఎక్కాం. అన్నవరంలో ప్రసాదం కొనుక్కున్నాం, తుని దాటాక మావగారు సీటు గొయ్యిలో వేసుకున్న దిండు సర్దుకోవడానికి ఒకసారి ఆపారు. అంతే, దారిలో చెప్పుకోవాల్సిందేమీ లేదు.

షోరూంలో ఏసీ, సోఫా, చల్లటి నీళ్ళు. ఓనరు కుర్రాడు బయటికొచ్చి కారు చుట్టూ తిరిగి, "వింటేజ్ కారు సార్, దీనికి మామూలు పని సెట్టవదు" అన్నాడు. వింటేజ్ అన్న మాట రేటు పెంచడానికేనని నాకు అప్పుడే తెలిసింది. 2021లో వచ్చిన కేంద్రం రూల్సు ప్రకారం వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవాలంటే బండికి 50 ఏళ్ళు దాటాలి. మావగారు మాత్రం నవ్వేసి, "ఇది వింటేజ్ అయితే నన్ను మ్యూజియంలో పెట్టాలయ్యా" అన్నారు. మొత్తం 24,500 చెప్పాడు. 40 డెన్సిటీ ఫోం, ఇటాలియన్ రెక్సిన్, పదేళ్ళ గ్యారంటీ. గ్యారంటీ కాగితం మీద రాసిమ్మంటే, "మన మధ్య కాగితాలెందుకు సార్" అన్నాడు. బిల్లు కావాలంటే మాత్రం 18 శాతం జీఎస్టీ పైన. 10,000 అడ్వాన్సు ఇచ్చి కారు అక్కడ వదిలేశాం. ఇంత మాట్లాడాడు గానీ, సీటు విప్పి లోపల ఏముందో చూడలేదు.

లాడ్జి సంగతి కూడా చెప్పాలి. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఏసీ గది, రోజుకి 1,800. ఫోన్లో 24 గంటల చెకౌట్ అన్నారు. సాయంత్రం నాలుగింటికి దిగితే మర్నాడు పన్నెండుకల్లా తలుపు కొట్టారు. అదేమిటంటే, "ఆ రూలు ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్నోళ్ళకే సార్" అని కౌంటరు దగ్గరాయన తల ఎత్తకుండా చెప్పాడు. మావగారికి వేసిన అదనపు పరుపుకి 400. అది పరుపు కాదు, మడత పెట్టిన బొంత. ఏసీ రిమోట్‌కి 200 డిపాజిట్! రిమోట్ వాపసు ఇచ్చేటప్పుడు రెండు బ్యాటరీలూ ఉన్నాయో లేదో తీసి మరీ చూసుకున్నాడు మహానుభావుడు. వేడినీళ్ళు పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది వరకే. బాత్‌రూం మాత్రం శుభ్రంగా ఉంది, అబద్ధం ఆడకూడదు.

సింహాచలంలో దర్శనం హాయిగా అయింది. అక్కణ్ణించి మా ఆవిడ ఎప్పటి నుంచో అడుగుతున్న కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూపిద్దామని బీచ్ రోడ్డుకి వెళ్తే గేటుకి తాళం. సోమవారం సెలవట. ఆమె ఏమీ అనలేదు. ముంత మసాలా కొనిచ్చినా తినలేదు. అనకపోవడమే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

షోరూం నుంచి ఫోనొచ్చింది, ముందు సీటు అయిపోయింది రమ్మని. పైకి చూస్తే బాగానే ఉంది, డైమండ్ కుట్టు, తళతళ. మావగారు ఎక్కి కూర్చున్నారు. స్టీరింగు ఆయన తొడలకి తగిలింది. క్లచ్ మీద కాలు వేయబోతే మోకాలు ఇరుక్కుంది. "సెటిలైపోద్ది సార్, వారం రోజులు తిరిగితే దానంతటదే కూర్చుంటాది" అన్నాడు ఓనరు. 40 డెన్సిటీ ఫోం వారానికే అంత కూర్చుంటే అది 40 ఎలా అవుతుంది?

వెనక సీటు కోసం తెచ్చిన ఫోం షీటు ఇంకా కోయకుండా గోడకి ఆనించి ఉంది. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడంగుళాల మందం. చంకలో పెట్టుకుని ఎత్తితే అసలు బరువే లేదు. డెన్సిటీ అంటే పెద్ద విద్యేమీ కాదు, ఒక ఘనమీటరు ఫోం ఎన్ని కిలోలు తూగుతుందన్నదే. ఈ కొలతల షీటు 40 డెన్సిటీదైతే 5 కిలోల పైచిలుకు తూగాలి. 32 అయినా 4 కిలోలుండాలి. రెండు షాపుల అవతల పాత పేపర్ల కొట్టు కనిపించింది. షీటు నెత్తిన పెట్టుకుని రోడ్డు మీద నడుస్తుంటే మా ఆవిడ మొహంలో పొద్దుటి నుంచి లేని ఉత్సాహం వచ్చింది. కాటా మీద పెట్టాం. 2 కిలోల 900 గ్రాములు. అంటే 23 డెన్సిటీ కూడా లేదు.

వెనకే పరిగెత్తుకొచ్చిన ఓనరు, "పేపర్ల కొట్టు కాటా ఏం కరెక్టు సార్!" అన్నాడు. ఆ మాట కొట్టాయనకి తగిలింది. కిలో రాయి తీసి కాటా మీద పెట్టి చూపించాడు, సరిగ్గా కిలో. తరవాత, "మీ షాపు తుక్కు నెలనెలా ఈ కాటా మీదే కదా తూయించుకుని డబ్బులట్టుకెళ్తన్నారు, అప్పుడు కరెక్టేనా?" అన్నాడు. నాకైతే ఆయనకి దండం పెట్టాలనిపించింది.

డబ్బులు వెనక్కివ్వమంటే లేబరు, మెటీరియల్, కుట్టుకూలి అంటూ లెక్కలు మొదలెట్టాడు. మా ఆవిడ ఫోన్ తీసి 1915, వినియోగదారుల హెల్ప్‌లైన్, నొక్కుతున్నానని చెప్పాక 4,000 చేతిలో పెట్టాడు. మిగతా 6,000 పోయినట్టే. వాళ్ళ కవరూ ఫోమూ వాళ్ళనే పీకేసుకోమన్నాం. అప్పుడు బయటపడింది అసలు పని. స్ప్రింగుల మీద పాత ఫోం ముక్కలు అలాగే వదిలేసి, వాటి మీదే కొత్తది అంటించేశారు. ఎత్తు పెరిగింది అందుకే.

స్ప్రింగుల మీద లాడ్జి దుప్పటి మడిచి వేసుకుని ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా గాజువాక దాకా ఎలా నడిపానో నా నడుముకి తెలుసు. (దుప్పటికి వాళ్ళు 150 వేశారు, దాని గురించి మాత్రం నేను గొడవ పడను.) ఆటోనగర్ దారి చూపించింది లాడ్జి ముందు ఆటో అతను. అతని బండి సీటు చూసి ఎక్కడ చేయించావని అడిగితే అడ్రసు చెప్పాడు.

ఆటోనగర్‌లో లారీ క్యాబిన్ సీట్లు, బస్సు సీట్లు చేసే షెడ్డు అది. బోర్డు లేదు. రేకు కింద రెండు కుట్టు మిషన్లు, రెక్సిన్ చుట్టలు. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. రేటు అడిగితే చెప్పలేదు. ముందు సీటు దింపించి, ఫ్రేము తిరగేసి, ప్రతి స్ప్రింగునీ బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్ళారు. "ఏటి బాబూ, స్ప్రింగు మీద తిన్నగా ఫోం ఎట్టీసినారేటి? ఆర్నెల్లకి కోసీదా?" అన్నారు. స్ప్రింగుకీ ఫోంకీ మధ్య గోనెపట్టా ఉండాలట. లేకపోతే మనం కూర్చున్న ప్రతిసారీ తీగ ఫోంని కోస్తూనే ఉంటుంది. మూడు స్ప్రింగులు విరిగాయని చూపించి పక్క షెడ్డులో వెల్డింగు చేయించారు. తుప్పు గీకి రెడాక్సైడ్ కొట్టించారు. అవన్నీ అయ్యాకే రేటు మాట్లాడారు.

ఆయన పని చూస్తూ కూర్చోవడమే ఒక కాలక్షేపం. పాత కవరు పారేయలేదు. బ్లేడుతో కుట్లు విప్పి, ఒక్కో ముక్కనీ కొత్త రెక్సిన్ మీద పరిచి సుద్దతో గీసుకున్నారు. కవరు అంచులో ఉండే ఇనప తీగల్ని లాగి, సాపు చేసి, మళ్ళీ అవే వాడారు. గోనెపట్టాని స్ప్రింగులకి సుతిలితో కుట్టి, దాని మీద గట్టి ఫోం, పైన అంగుళం మెత్తటి ఫోం వేశారు. ఫోంని ఫ్రేము కంటే అర అంగుళం పెద్దగా కోశారు. ఎందుకంటే, "కవరు బిగువుగా ఉండాల, నేపోతే ముడతలొచ్చేస్తాయి" అన్నారు. అంచుల్ని హాక్సా బ్లేడుతో ఏటవాలుగా చెక్కారు. కుట్టిన కవరుని బిగించే ముందు కాసేపు ఎండలో పడేశారు. రెక్సిన్ వేడెక్కి మెత్తబడితే గానీ మూలల దగ్గర సాగదట.

రంగు దగ్గర చిన్న యుద్ధం జరిగింది. మా ఆవిడ లేత బూడిద రంగు అంది. మావగారు, "అల్లుడుగారూ, ఈ కారులో మెరూన్ తప్ప ఇంకోటి వేస్తే నేను ఎక్కను" అన్నారు. కారు ఆయనది కాబట్టి మెరూనే వేయించాం. నిలువు గీతల కుట్టు కూడా పాతదే. డైమండ్ కుట్టు కంటే ఈ కారుకి అదే అందం, ఎవరేమన్నా సరే.

ఆ రోజు మధ్యాహ్నం భోజనం గురించి రాయకపోతే అన్యాయం. మేస్త్రి కుర్రాడు చూపించిన మెస్, లారీ డ్రైవర్లు తినేది. ఆరు బల్లలు, పైన ఫ్యాను కిర్రుమంటోంది. ప్లేటు 120. మెత్తళ్ళు చింతచిగురులో వేసి వండారు. ఎండు మెత్తళ్ళు కావు, పచ్చివి. పులుపు ముందు తగిలి, ఆ వెనక కారం, ఆ తరవాత చేప రుచి వచ్చింది. మావగారు కాకినాడ వాస్తవ్యులు, పక్క ఊరి భోజనాన్ని మెచ్చుకోవడం ఆయన రక్తంలో లేదు. అలాంటిది మూడోసారి అన్నం పెట్టించుకుని, "పర్లేదు" అన్నారు. వడ్డించే ఆవిడ గిన్నె అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది, వేసుకోండని. విశాఖలో అప్పటివరకూ మాకు ఊరికే దొరికింది అదొక్కటే.

లెక్క ఇది. ఫోం 6,200, రెక్సిన్ తొమ్మిది మీటర్లు 380 చొప్పున 3,420, పైపింగు, నైలాన్ దారం, గమ్ము, గోనెపట్టా కలిపి 1,150, వెల్డింగు 600, కూలి 6,000. మొత్తం 17,370. ముందూ వెనకా రెండు బెంచీలూ కలిపి. ఫోం షీటుని కాటా పెట్టించమని నేను అడక్కముందే, కొన్న కొట్టులో మేస్త్రే తూయించి చూపించారు. 5 కిలోల 100. మొత్తం రేటు తక్కువేమీ కాదు, కాకినాడలో ఇంకో వెయ్యి తగ్గేదేమో. కానీ స్ప్రింగులు విప్పి చూసే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

ఫిర్యాదులు ఆయన మీద కూడా ఉన్నాయి. సాయంత్రం ఐదన్నది రాత్రి తొమ్మిదిన్నర అయింది. డ్రైవరు పక్క మూల దగ్గర ఒక కుట్టు వంకరగా పోయింది. గమ్ము వాసనకి తుని దాకా అద్దాలు దించుకునే రావాల్సి వచ్చింది, మా ఆవిడకి తలనొప్పి. మావగారు మాత్రం వెనక సీట్లో కాళ్ళు చాపుకుని నిద్రపోయారు. దిండు డిక్కీలో ఉంది.

రెండు మూడు నెలలకి ఫోం సర్దుకుని రెక్సిన్ కాస్త వదులవుతుందట, అప్పుడు తీసుకొస్తే ఊరికే బిగిస్తానన్నారు మేస్త్రి. వెళ్తాం. ఈసారి గది గాజువాకలోనే తీసుకుంటాం, సోమవారం తప్ప ఏ రోజైనా సరే. ముందు సబ్‌మెరైన్, ఆ తరవాతే ఆటోనగర్ అని మా ఆవిడ ఇప్పటికే తేల్చి చెప్పేసింది.