స్కాట్సా, స్కాటిషా, స్కాచా: ఏది రాయడం మేలు?

అనువాదాలు చేసే మిత్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది. మూడూ ‘స్కాట్లండ్‌కు చెందిన’ అనే ఒకే మాటకు రూపాలు. స్కాట్లండ్‌లో పూర్వం ‘స్కాటిస్’ అని రాసేది నలిగి స్కాట్స్ అయింది. ఇంగ్లండ్ వైపు అదే స్కాటిష్, అదింకా కుదించుకుపోతే స్కాచ్.

స్కాచ్ సంగతి చిటికెలో తేలిపోతుంది. పద్దెనిమిదో శతాబ్దపు కవి రాబర్ట్ బర్న్స్ కాలంలో స్కాట్లండ్ వాళ్లే ఆ మాట వాడుకున్నారు గానీ, ఇప్పుడు మనుషుల్ని అలా అంటే అక్కడ మొహం చిట్లిస్తారు. విస్కీకి వదిలెయ్యండి. స్కాటిష్‌తో పేచీ లేదు. పార్లమెంటుకైనా కవిత్వానికైనా నప్పుతుంది.

చిక్కంతా స్కాట్స్‌తోనే. నాలుగో శతాబ్దపు రోమన్లు ‘స్కాటీ’ అన్నది ఐర్లండ్ నుంచి పడవలేసుకొచ్చి బ్రిటన్ మీద పడి దోచుకునే, గేలిక్ అనే కెల్టిక్ భాష మాట్లాడే జనాన్ని. ఆ పేరుకు అసలు అర్థం ఏమిటో పండితులు నేటికీ తేల్చలేదు. తొమ్మిదో శతాబ్దపు తత్త్వవేత్త జాన్ స్కోటస్ ఎరియుజెనాది ఐర్లండ్. పదమూడో శతాబ్దంలో పుట్టిన డన్స్ స్కోటస్‌ది స్కాట్లండ్. ఇద్దరూ స్కోటస్‌లే, అంటే లాటిన్‌లో స్కాట్‌లే! ఆ నడుమ పేరు సముద్రం దాటి కొత్త గడ్డకు అంటుకుపోయింది.

భాష విషయంలో ఇంకా తమాషా. మొదట స్కాట్స్ అంటే గేలిక్కే. ఇప్పుడు స్కాట్స్ అంటున్నది పాత ఇంగ్లీషు నార్తంబ్రియా మాండలికం నుంచి దిగినది. మాట్లాడేవాళ్లే దాన్ని ‘ఇంగ్లిస్’ అనేవాళ్లు. పదిహేనో శతాబ్దం చివర్లో పేరు చేతులు మారింది. 1513లో వర్జిల్ లాటిన్ కావ్యం ‘ఈనియడ్’ అనువాదం ముగించిన స్కాట్లండ్ కవి గావిన్ డగ్లస్ తన భాష స్కాట్స్ అని చెప్పుకున్నాడు. పేరు పోగొట్టుకున్న గేలిక్‌కు ‘ఐరిష్’ అన్న ముద్ర మిగిలింది.

ఈ రెంటికీ ఎంత దూరమో చూడండి. ‘నాకు తెలియదు’ అనడానికి స్కాట్స్‌లో ‘ఆ డిన్నా కెన్’. గేలిక్‌లో దాదాపు ‘ఖన్ యేల్ ఇస్ ఆకమ్’.

అందుకే నా మొగ్గు: స్కాట్స్‌ను భాషకే అట్టేపెట్టాలి. 2011 జనగణనలో ఈ భాష వచ్చని చెప్పినవాళ్లు 15 లక్షల పైచిలుకు. దానికంటూ ఒక పేరు ఉండనివ్వాలి కదా. మన ఊళ్ల చరిత్రలు చెప్పే కైఫీయతులు పోగుచేయించిన కోలిన్ మెకంజీ పుట్టింది లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో, గేలిక్ సీమలో. ఆయన్ను ‘స్కాట్స్ దొర’ అని రాస్తే చదివేవారు భాష దగ్గర పొరబడతారు. ‘స్కాట్లండ్ దొర’ అంటే సరి. స్కాట్స్ గార్డ్స్ అనే సైనిక దళం లాంటి స్థిరపడ్డ పేర్ల జోలికి మాత్రం పోకండి.